రబాబు పక్కన నా హార్మోనియం

డొంకరాయి కాలనీలో మా నాటకం ఆడిన రోజున అందరికీ శాలువాలు కప్పారు. రాజు వేషం వేసినాయనకి కప్పారు. రెండే రెండు పద్యాలున్న మంత్రికి కప్పారు. తెర లాగినవాడికి కూడా కప్పారు. హార్మోనియం వాయించిన నాకు కప్పలేదు. మరిచిపోయామని తర్వాత ఎవరో వచ్చి చెప్పారు. తెర లాగినవాడు గుర్తుండి, వాడి మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని నాటకమంతా వాయించినవాడు ఎలా మరుపుకొస్తాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నా ఉద్యోగమంతా సీలేరు, డొంకరాయి ప్రాజెక్టు కాలనీల్లోనే గడిచింది. స్టోర్సులో గుమాస్తాని. మాది విజయనగరం వైపు పల్లె. మా వైపు జనం పద్యనాటకం అంటే చెవి కోసుకుంటారు. కొండల్లోకి ఉద్యోగాలకి వచ్చినా ఆ పిచ్చి వదలక, మా కాలనీలో ఒక నాటక బృందం పెట్టుకున్నాం. నటుడు పద్యం పాడి చివర రాగం తీస్తాడు. నచ్చితే జనం ‘వన్స్‌మోర్’ అంటారు. అప్పుడు ఆ నటుడు చచ్చిపడి ఉన్నా సరే, లేచి మళ్లీ పాడాల్సిందే. అతను ఊపిరి తీసుకునే సందులో రాగం తెగకుండా పట్టుకునేది హార్మోనిస్టు. వన్స్‌మోర్ పడగానే పద్యం ఎత్తుగడ వాయించి, అతన్ని తెచ్చి మళ్లీ మొదటి స్వరం మీద నిలబెట్టేదీ హార్మోనిస్టే. అయినా వన్స్‌మోర్ నటుడిది. హార్మోనిస్టుని ఎవరైనా వన్స్‌మోర్ అడిగారని నేను వినలేదు. మేం కూర్చునేది స్టేజీ పక్కన, తెర చాటున. జనానికి కనపడేది తాడూ తెరా, మాలో సగం భుజమూ.

రిటైరయ్యాక అరకులో, స్టేషనుకి వెళ్లే దారిలో కాఫీపొడి, మిరియాల కొట్టు పెట్టాం. పెట్టాం అనడమే గానీ కొట్టు మా ఆవిడది. నేను వెనక గదిలో, బస్తాల మధ్య హార్మోనియం పెట్టుకుని కూర్చుంటాను. మొదట్లో బజారువాళ్ల భజనకి పిలిచేవారు. తర్వాత ఒక గుంటడు కీబోర్డు కొనుక్కుని వచ్చాడు. ‘పెట్టె మోత తగ్గితే బాగుంటుందండీ’ అన్నాడు భజన పెద్ద. ఆయనకి కిరాణా కొట్టుంది. ఆ రోజు నుంచి అగ్గిపెట్టె కావాలన్నా ఆ కొట్టు దాటుకుని బజారు చివరిదాకా నడిచి వెళ్లి తెచ్చుకుంటున్నాను. వానలోనైనా సరే.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మొన్న చలికాలంలో ఇద్దరు మనుషులు మా కొట్టు ముందు ఆగినప్పుడు నేను ఏ మనసుతో ఉన్నానో తెలియాలి. ఒకాయన పొడుగాటి సర్దార్జీ, నీలం తలపాగా. రెండో ఆయన కుర్రవాడు, నెరవని గడ్డం, భుజాన కుదురుగా గుడ్డ చుట్టిన వాద్యం. నేను నాకొచ్చిన హిందీని కూడదీసుకుంటూ ఉన్నాను.

“హార్మోనియం మేస్టారు మీరేనా?” అన్నాడు సర్దార్జీ.

“తెలుగు వచ్చా మీకు?”

“రాకుండా ఎలాగ మేస్టారూ? పుట్టింది పెరిగింది వైజాగే. మా నాన్నది లారీ సామాన్ల కొట్టు. మా ఇంట్లో పరోటా పక్కన మాగాయ నేకపోతే గొడవలైపోతాయి.”

ఆయన గురుద్వారాలో కీర్తన పాడతాడట. పక్కనున్నాయన కాబూలులో పుట్టి ఢిల్లీలో ఉంటున్న రబాబు వాద్యకారుడు. కలకత్తా నుంచి వచ్చిన సాక్సఫోను ఆవిడ ఘాట్ రోడ్డు మలుపులకి కడుపులో తిప్పి వ్యానులో పడుకుని ఉంది. తబలా ఆయన ఆవిడకి నిమ్మకాయ వెతకడానికి వెళ్లాడు. మర్నాడు కాఫీ తోటల పక్క రిసార్టులో వీళ్ల కచేరీ. కాబూలు వాద్యం, గురుద్వారా పాట, జాజ్ కలిపి వాయిస్తారు.

“దారిలో డ్రైవరు గట్టిగా బ్రేకేసినాడు మేస్టారూ. స్పీకరెళ్లి నా హార్మోనియం మీద పడిపోనాది. తిత్తి చిరిగిపోయింది. బజార్లో అడిగితే మీ గురించి సెప్పారు.”

“ఏమని చెప్పారు?”

ఆయన కొంచెం ఆలోచించుకున్నాడు. “పెట్టె మంచిదన్నారు.”

“నా గురించి ఏమన్నారు?”

“అది ఒగ్గీండి.”

ఒగ్గేసే అలవాటు నాకు లేదు. పెట్టె ఒక్కటీ ఎక్కడికీ రాదనీ, పెట్టెతో పాటు నేనొస్తాననీ, నా పెట్టె మీద నా వేళ్లే ఉంటాయనీ చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పాను. తెర చాటున కూర్చోను. స్టేజీ మీద, అందరితో పాటు కూర్చుంటాను.

“నాను పాడతా నానే వాయించుకుంటాను మేస్టారూ. సేతులు ఖాళీగా ఉంటే నాకు గొంతు రాదు.”

“చేతులు ఒళ్లో పెట్టుకోండి.”

మా ఆవిడ మిరియాలు తూస్తూ లోపలి నుంచి అంది. “బాబూ, ఆయన పట్టు పట్టినాక మీరు ఒప్పుకోడమే. నాను ఎప్పుడో ఒప్పీసుకున్నాను.”

సర్దార్జీ నవ్వి, రబాబు ఆయనకి హిందీలో చెప్పాడు. అతను గుండె మీద చెయ్యి పెట్టుకుని నాకు తల వంచాడు. తర్వాత, వాయించమని అడగకుండా, హార్మోనియం చెక్కని చూడొచ్చా అని అడిగాడు. అరకు వచ్చాక నా పెట్టెని పెట్టె అనకుండా చూసిన మొదటి మనిషి అతను. అది కూడా గుర్తు పెట్టుకున్నాను. నాకు చెడ్డవి మాత్రమే గుర్తుంటాయని మా ఆవిడ అనడం అన్యాయం.

ఆ మధ్యాహ్నమే వెనక గదిలో, కాఫీ బస్తాల మధ్య కూర్చున్నాం. వచ్చీ రావడంతోనే శ్రుతి దగ్గర పేచీ. మా నటులు నాలుగు శ్రుతికి తగ్గితే జనం విజిలేసేవారు. నా చెయ్యి నాలుగు మీదికి దానంతటదే పోయింది. “నాలుగా మేస్టారూ? నా గొంతేటి, లారీ హారననుకున్నారేటి?” అన్నాడు సర్దార్జీ. చివరికి ఒకటిన్నర దగ్గర కుదిరింది. అంటే వాళ్ల మాటే నెగ్గింది.

రబాబు గుడ్డ విప్పాక గానీ నా చిరాకు దిగలేదు. అది ఒంటి కట్టె తొలిచి చేసింది, మల్బరీ కట్టె అని చెప్పాడు. పొట్ట మీద తోలు బిగించారు. వాయించే తంత్రులు కొన్నే గానీ, పక్కన తాకకుండానే మోగేవి వరసగా ఉన్నాయి. అతను ఒక్క మీటు మీటితే తోలు మీద ఆ దెబ్బ తాళంలా పలికింది, పక్క తంత్రులు సన్నగా గొణిగాయి. సిక్కుల మొదటి గురువుగారి పక్కన కూర్చున్న ఆయన వాయించిందీ రబాబేననీ, తమ కీర్తన దానితోనే మొదలైందనీ సర్దార్జీ చెప్పాడు. “హార్మోనియం మాకు తరవాతొచ్చిన సుట్టం మేస్టారూ. ఈయన వాద్యమే అసలు ఇంటిది.” నా పెట్టెని చుట్టం అన్నందుకు ఏదో అనబోయాను గానీ, అంతలో అతను ఒక రాగం మొదలుపెట్టాడు. వింటూనే నా వేళ్లు కదిలాయి. అది మా మోహన. వాళ్లు భూపాలీ అంటారు. మా రాజు కొలువు తీరగానే మొదటి పద్యం ఎత్తుకునేది అందులోనే. కాబూలు నుంచి వచ్చిన చెయ్యి మా రాజు పద్యం దారిలోనే నడుస్తోంది.

మా ఆవిడ ఇచ్చిన శొంఠి కాఫీ తాగి సాక్సఫోను ఆవిడ కూడా లేచి వచ్చింది. నడివయసు మనిషి, పొట్టి జుట్టు. కాసేపు విని, నిలబడే అందుకుంది. అంత ఇత్తడి గొట్టంలోంచి అంత మెత్తటి గొంతు వస్తుందని నేను అనుకోలేదు. బస్తాలు గదిలో మోత మింగేశాయేమో, ఎవరి గొంతూ ఎవరినీ తొక్కలేదు. పాట ఆగాక ఆవిడ హిందీలో అడిగింది.

“నేను ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఎవరో నా స్వరాన్ని కింద పడకుండా పట్టుకుంటున్నారు. మీరేనా?”

నేనేనని ఒప్పుకున్నాను. ఇన్నేళ్లు ఎంతమంది నటుల ఊపిరిని మోశానో, ఒక్కడు అడగలేదీ మాట.

తర్వాత ఆవిడ తమ పద్ధతి చెప్పింది. ముందు పాటని అందరూ కలిసి చెప్తారు. ఆపైన ఒక్కొక్కళ్లూ వంతు తీసుకుని తమ మాట తాము చెప్తారు. మిగతావాళ్లు కింద పట్టు ఇస్తూ వింటారు. చివర మళ్లీ అందరూ కలుస్తారు. రబాబు వంతు, సాక్సఫోను వంతు, తబలా వంతు. ఆ తర్వాత నా వంతు.

“నాకు వంతు వద్దు. నేను పట్టు ఇస్తాను,” అన్నాను.

“స్టేజీ మీద అందరితో పాటు కూర్చుంటానని అన్నారట. మా దగ్గర కూర్చోవడం అంటే ఇదే.”

నా మాట నాకే అడ్డం తగిలింది. వంతు వచ్చినప్పుడు ఏం వాయించాలని అడిగితే, “మీకు ఏది ఉంటే అది,” అంది. వాళ్లు వెళ్లిపోయాక చాలాసేపు పెట్టె ముందు ఊరికే కూర్చున్నాను. నాకు ఏముంది? జీవితమంతా ఒకరి పద్యం వెనక నడిచినవాణ్ని. ముందు నడిచేవాడు లేకపోతే నా వేళ్లకి దారి తెలియదు. స్టేజీ మీద కూర్చోబెట్టమని పట్టుబట్టి కూర్చుని, అందరూ ఆగి వింటుండగా ఏమీ లేక తెల్లమొహం వేస్తే, ఇంక ఏ శాలువా గురించీ మాట్లాడే హక్కు నాకు ఉండదు. అదీ నా భయం.

మర్నాడు పొద్దున్న కొట్టు తీయకముందు ఏవేవో పద్యాల రాగాలు తీసి చూశాను. అన్నీ ఎవరో పాడేవాడి కోసం ఎదురుచూస్తున్నట్టే ఉన్నాయి. మా ఆవిడ డబ్బాలు తుడుస్తూ వింటోంది.

“ఏటండీ అది, ఎవర్నో పిలిసి రానట్టుంది.”

“ఒక్కణ్నీ ఎప్పుడు వాయించాను గనక?”

“అదేటి, డొంకరాయిలో వాయించినారు కదా. రాజు మీసం ఊడిపోయి, అతుక్కోక, తెర తియ్యనేదు. ఆళ్లు లోపల బంకకి కొట్టుకుంటంటే మీరు ఒక్కరే వాయించినారు. పిల్లలు గోల, ఎవులూ ఇననేదు. నాను విన్నాను.”

నాకు గుర్తొచ్చింది. తెర ఇవతల జనం, అవతల మీసం. మధ్యలో ఎవరూ పాడకుండా, ఏ పద్యమూ లేకుండా, నాకు తోచింది వాయిస్తూ కూర్చున్నాను. అది నాటకంలో లెక్కలోకి రాదు గనక నేనూ లెక్కలో వేసుకోలేదు. అలాంటివి ఎన్నో. రాణి వేషగాడి బస్సు రాక, దీపాలు పోయి, తెర తాడు చిక్కుపడి.

“నాటకం అంతట్లో నాకు అదే బాగుంది,” అంది ఆవిడ. అప్పటికి మాకు పెళ్లయి ఎంతో కాలం కాలేదు.

“ఇన్నేళ్లూ చెప్పలేదే?”

“మీరు శాలువా గురించి అడిగినారు గానీ దీని గురించి ఎప్పుడు అడిగినారు?”

ఈ మాట మీద నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే హార్మోనియం మళ్లీ దగ్గరికి లాక్కున్నాను. వేళ్లు వాటంతటవే ఆ మీసం నాటి దారి పట్టాయి.

సాయంత్రం మంచు దిగకముందే కచేరీ కావాలని నాలుగింటికే పెట్టారు. రిసార్టు పచ్చిక మీద స్టేజీ కట్టారు. ముందు కుర్చీలు, వెనక తాడు. తాడు ఇవతల పాసులున్న అతిథులు, అవతల బజారు జనం, అప్పుడే థింసా ఆడి దిగిన కొండ ఊళ్ల ఆడవాళ్లు టీ గ్లాసులు పట్టుకుని. చెవికి వైరు పెట్టుకున్న మేనేజరు కుర్రాడు నన్ను చూసి, “అంకుల్, మీకు సైడ్‌లో ప్లేస్ ఇచ్చాం, స్పీకర్ వెనకాల,” అన్నాడు. మా ఆవిడకి లోపల కుర్చీ వెయ్యమంటే, “ఆంటీకి పాస్ లేదండీ,” అన్నాడు. ఆవిడ పర్వాలేదని తాడు అవతలికి వెళ్లి నిలబడింది. నేను పర్వాలేదనలేదు. హార్మోనియం సంకన పెట్టుకుని మెట్ల మీదే కూర్చున్నాను.

సర్దార్జీ వచ్చి చూశాడు. స్టేజీ మీది కుర్చీలన్నీ తీయించి, తన సంచీలోంచి ఉతికిన తెల్ల దుప్పటి తీసి మధ్యలో పరిచాడు.

“సార్, లైటింగ్ అంతా కుర్చీలకి సెట్ చేశాం,” అన్నాడు మేనేజరు.

“బాబూ, మా కీర్తనలో పాడినోడికీ వాయించినోడికీ ఒకటే దుప్పటి. స్పీకరెనక దుప్పటి పడితే సెప్పు, అందరం అక్కడికే ఎల్లిపోతాం.”

మేనేజరు చెవిలో వైరుతో ఏదో గొణుక్కుంటూ పోయాడు. మొదటి పాట కీర్తన గనక చెప్పులు విడిచి, తల మీద గుడ్డ వేసుకోమని సర్దార్జీ నాతో మెల్లిగా చెప్పాడు. భుజం మీది తువ్వాలు చుట్టుకున్నాను. తాడు అవతల నుంచి మా ఆవిడ, పక్కనున్న ఆడవాళ్లతో, “సూడండి, ఊడుపులకి బయల్దేరినట్టున్నారు,” అనడం స్టేజీ దాకా వినపడింది. వాళ్లు నవ్వారు. సాక్సఫోను ఆవిడ కూడా బూట్లు విప్పి, జుట్టుకి చున్నీ కట్టుకుని, వట్టి కాళ్లతో దుప్పటి అంచున నిలబడింది. నేను రబాబు పక్కన మధ్యలో కూర్చున్నాను. నా ముందు తెర లేదు, తాడు లేదు. చలిగాలి మొహానికి కొట్టింది. బాగుంది.

కీర్తన అయ్యాక మోహన ఎత్తుకున్నాం. సర్దార్జీ పాడాడు. చేతులు ఏం చేసుకోవాలో తెలియక మొదట్లో మోకాళ్లు రుద్దుకున్నాడు. తర్వాత ఆ చేతులు గాల్లోకి లేచాయి, గొంతూ వాటితో పాటే లేచింది. అందరం కలిసి పాటని చెప్పాం. రబాబు వంతు తీసుకుంది. ఆ మీటులకి తాడు అవతల థింసా ఆడవాళ్ల కాళ్లు ఊరికే ఉండలేదు, గ్లాసులు కింద పెట్టి ఒకరి నడుం వెనక ఒకరు చెయ్యి వేసుకున్నారు. సాక్సఫోను వంతు వచ్చింది. ఆవిడ ఊపిరి తీసుకున్న ప్రతి సందులోనూ నేనున్నాను, ఆవిడ కళ్లతోనే నవ్వింది. తబలా ఆయన వంతు ముగించి చెయ్యి నా వైపు చాపాడు.

అందరూ ఆగారు. రబాబు ఒక్క స్వరం మీద మెల్లిగా పట్టు ఇస్తోంది. ఒక్క క్షణం నా వేళ్లు పాడేవాడి కోసం చూశాయి. ఎవరూ లేరు. అప్పుడు ఆ రాజు మీసం తలుచుకున్నాను. డొంకరాయిలో ఎక్కడ ఆపానో అక్కడి నుంచే మొదలుపెట్టినట్టు అనిపించింది. బస్సు రాని రాణి కోసం వాయించింది, దీపాలు వచ్చేదాకా వాయించింది, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. రబాబు ఆయన నా మాటని మీటుతో కొసరి మళ్లీ నాకే ఇచ్చాడు. నేను ఇంకో మాట చేర్చి తిప్పి ఇచ్చాను. సర్దార్జీ ‘వాహ్’ అని తొడ మీద చరిచాడు. నేను చాలు అనుకున్న చోట ఆపాను.

తాడు అవతల నుంచి కేక వచ్చింది.

“వన్స్‌మోర్.”

ఆ మాట వినపడితే నా చేతులు నన్ను అడగవు. వెంటనే సర్దార్జీ పాట ఎత్తుగడ అందుకుని, వాయించి, ఆయన్ని తెచ్చి మొదటి స్వరం మీద నిలబెట్టాను. ఎత్తుకోమని తల ఊపాను. ఆయన నోరు తెరవలేదు. మళ్లీ ఎత్తుగడ ఇచ్చాను. అప్పటికీ పాడకపోతే, ఇదేమిటి ఈయనకి వన్స్‌మోర్ మర్యాద తెలియదా అని కోపం కూడా వచ్చింది.

ఆయన నా వైపు వంగాడు. “నాకు కాదు మేస్టారూ. మీకే.”

ఇంకోసారి వినపడింది కేక. ఈసారి ఆ గొంతు ఎవరిదో తెలిసింది. నాటకాలు తెల్లారేదాకా సాగేది ఆ దిక్కుమాలిన వన్స్‌మోర్ వల్లేనని నన్ను జీవితమంతా తిట్టిన గొంతది. ఆవిడ పక్కన థింసా ఆడవాళ్లు కూడా, ఆ మాటేమిటో తెలియకపోయినా, నవ్వుతూ అందుకున్నారు. తర్వాత బజారంతా అందుకుంది. భజన పెద్ద కూడా అక్కడే ఉన్నాడు. ఆయన నోరు కదలడం నేను చూశాను, గట్టిగా అనలేదు.

నేను మళ్లీ వాయించాను. ఏం వాయించానో చెప్పలేను. మొదటిసారి వాయించింది కాదని మాత్రం తెలుసు. ఈసారి సాక్సఫోను ఆవిడ నా తిత్తి నిండే సందుల్లో తను నిలబడింది. చివర అందరం కలిశాం. తాడు అవతల ఆడవాళ్ల వరస పాములా మెలికలు తిరుగుతూ తాడుని తోసుకుని పచ్చిక మీదికి వచ్చేసింది. మేనేజరు తాడు కట్టిన కర్ర పట్టుకుని కాసేపు నిలబడి, తర్వాత వదిలేశాడు.

ఎవరో తీసిన వీడియో ఇప్పుడు అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. నా వంతు వచ్చినప్పుడు కెమెరా సాక్సఫోను మీద ఉంది. నావి కనపడేవి ఎడమ చెయ్యీ తిత్తీ మాత్రమే. తీసినవాడు ఎవరో కనుక్కుంటున్నాను. మా ఆవిడ దాన్ని కొట్లో రోజూ పెడుతుంది, కాఫీపొడికి వచ్చినవాళ్లందరూ చూడాల్సిందే. నేను బస్తాల మధ్య నుంచి వింటాను.

“ఈ వన్స్‌మోర్ అన్నది ఎవరండీ?” అని అడుగుతారు కొందరు.

“ఎవులో మరి,” అంటుంది, మిరియాలు తూస్తూ.

అదీ నేను మరిచిపోను.